పొగపెట్టెకు పొత్తిళ్లు

ముప్పై ఏళ్లు ఫ్రిజ్జులు బాగుచేసిన మనిషి. ఎవరెంత కేకలేసినా కరగడని పేటంతా ఆయన్ని ఐసుగడ్డ అనేవాళ్లు. అలాంటివాడికి, పని మానేసిన ఆర్నెల్లకు నిప్పుమీద మోజు పుట్టింది. దానికి కారణం ఇంటావిడే. చిన్నప్పుడు తాతగారింట్లో పొయ్యిపైన వేలాడదీసిన మాంసం తిన్నానని, ఆ పొగవాసన ముక్క మళ్లీ నోటికి తగల్లేదని మాటవరసకు అంది. మర్నాటికల్లా పెరట్లో గ్యాసు తీసేసిన పాత ఫ్రిజ్ ఒకటి వెల్లకిలా పడి ఉంది.

“చలిని ఆపే గోడ సెగను ఆపదా? కింద నిప్పు, పైన కొక్కేలు. పొగపెట్టె అయిపోయె!” అన్నాడాయన.

ఆవిడ తమ్ముడు బేకరీలకు పొయ్యిలు కట్టే మేస్త్రీ. సాయంత్రం వచ్చి ఫ్రిజ్ గోడమీద వేలితో కొట్టి చూశాడు.

“బావా, ఇందులో ఉన్నది ఫోమే కదా. చిన్న ముక్క నిప్పుమీద పెట్టి చూశావా?”

చూడలేదు. అప్పుడే చూశారు. బొగ్గులమీద పెనం పెట్టి, అగ్గిపెట్టెంత ముక్క దానిమీద పడేసి, గాలివాటు చూసుకుని దూరంగా నిలబడ్డారు. ముక్క నల్లగా ముడుచుకుపోయింది. ఆ కంపుకు పక్కింటి కుక్క కూడా లేచి వెళ్లిపోయింది.

“మా తాతగారింట్లో ఈ వాసన రాలేదండీ,” అంది ఆవిడ ముక్కు మూసుకుని.

రెండు రోజులు కూర్చుని ఫోము, ప్లాస్టిక్కు, రబ్బరు అన్నీ పీకేశాడు. ఇనుప డొక్కు మిగిలింది. మూడో రోజు పాత సామాన్ల కొట్టునుంచి ఏదో బాయిలరుకు చుట్టిన తెల్లటి పట్టీ మోసుకొచ్చాడు. “నిప్పులో వేసినా కాలదట!”

బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు. “అది ఆస్‌బెస్టాస్ అయ్యుంటుంది బావా. కాలదు, నిజమే. దాని నూగు ఊపిరితిత్తుల్లో చేరితే మాత్రం మనిషి మిగలడు. దులపకు.”

దాన్ని తడిపి, మూటగట్టి, అలాంటివి తీసుకునేచోట అప్పగించి వచ్చారు. ఐసుగడ్డ అరుగుమీద చతికిలబడ్డాడు. “మనం మాంసం తిందామంటే, మనల్ని తినేవే దొరుకుతున్నాయే!”

“ఒరే, మీ బేకరీ పొయ్యిలకు ఏం చుడతార్రా?” అని ఆవిడ తమ్ముణ్ని అడిగింది.

“రాతి ఉన్ని. రాయిని కరిగించి దూదిలా తీస్తారు. మంటకు జంకదు.”

“ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా!” అని ఐసుగడ్డ మండిపడ్డాడు.

“నువ్వు అడిగితేగా! ముప్పై ఏళ్ల అనుభవం ముందు నేనెంత?”

ఆవిడ పగలబడి నవ్వింది. కాసేపటికి ఆయనకూ నవ్వొచ్చింది.

రాతి ఉన్ని తెచ్చి, దాని పోగులు గుచ్చుకోకుండా చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు, పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని పనిలోకి దిగారు. లోపలివైపుకు జింకుపూత రేకు వద్దని, దానికి సెగ తగిలితే విషప్పొగ వస్తుందని మేస్త్రీ చెప్తే స్టీలు రేకే తెచ్చారు. రెండు రేకుల మధ్య ఉన్ని పరిచి, పోగు కూడా మాంసంమీద రాలకుండా అంచులన్నీ అతికించారు.

మొదటిరోజు మాంసం లేకుండానే నాలుగు గంటలు మండించారు, కొత్తవాసన పోవాలని. ఖాళీ పెట్టెకు కాపలా ఏమిటని ఐసుగడ్డ సణుగుతూనే బయటి గోడమీద చెయ్యి వేశాడు. లోపల సెగలు కక్కుతున్నా గోడ గోరువెచ్చగా ఉంది. తీసిన చెయ్యి మళ్లీ వేసి చూసుకున్నాడు.

ఆదివారం ఆరుగంటలు పొగపట్టిన ముక్కను ఆవిడ చాలాసేపు నమిలింది.

“తాతగారిది ఇలా ఉండేది కాదండీ.”

ఆయన మొహం వాడిపోయింది.

“అది మాడేది,” అంటూ ఆవిడ ఇంకో ముక్క తీసుకుంది.

చేపలకు వేరే చిన్న పెట్టె ఉంటే బాగుంటుందని తమ్ముడు నోటినిండా ముక్కతోనే అన్నాడు. “ఈసారి ముందే నిన్నడుగుతాలే,” అని ఐసుగడ్డ కొలతల టేపుకోసం లోపలికి వెళ్లాడు.