బ్రేకుకు పెట్టిన బొట్టు

సైకిల్ మీద కొండ దిగుతూ బ్రేకు నొక్కితే, అది పట్టకపోతే ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నాకు మాత్రం బాగా తెలుసు. పైగా ఆ బ్రేకును పాడుచేసింది ఏ పగవాడో కాదు, భక్తిశ్రద్ధలతో నేనే. పద్నాలుగేళ్ల వయసులో, ఒకే ఒక్క ఉంగరం వేలితో నన్ను నేను కొండ మీది నుంచి తోసేసుకున్న వైనం ఇప్పుడు చెబుతాను. నవ్వాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో పదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు మేం అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. తొమ్మిదో తరగతిలో మా హైస్కూల్ మౌంటెన్ బైక్ జట్టులో చేరాను. రేసులు గెలవాలని కాదు. శనివారం పొద్దున్నే కొండల మీద పొగమంచు మెల్లగా కిందికి జారుతుంటే, ఎండుగడ్డి ఒక్కసారిగా బంగారు రంగులోకి తిరుగుతుంది చూడండి, అదిగో, ఆ పది నిమిషాల కోసం చేరాను. నేను కళ్లు తెరుచుకుని కలలు కనే రకం. పొయ్యి మీద పాలు చూడమని అమ్మ చెబితే, అవి గిన్నె అంచుదాకా లేచి, పొంగి, పొయ్యంతా పారేదాకా ఎంతో శ్రద్ధగా చూసినదాన్ని.

ఇలాంటి మనిషిని రేసులోకి వదిలితే ఏమవుతుంది? మొదటి రేసులో జింకలను చూస్తూ దారి తప్పాను. రెండోదాంట్లో వాగు చప్పుడు బాగుందని ఆగాను. ఎంతసేపు ఆగానో నాకే తెలియదు, టైమైపోయిందని ఎవరో వచ్చి వెనక్కి తీసుకెళ్లారు. మూడోదాంట్లో ఆకాశంలో తిరుగుతున్న గద్దను చూస్తూ పొదలో పడ్డాను. ఫలితాల పట్టికలో మూడుసార్లూ నా పేరు పక్కన ‘పూర్తి చేయలేదు’ అనే ఉంది.

నాన్నది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. సగంలో వదిలేసిన పని కనబడితే ఆయనకు ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. నాలుగో రేసు దగ్గర పడ్డాక, ఒకరోజు భోజనాల దగ్గర తేల్చి చెప్పేశారు.

“చూడమ్మా, ఇదే లాస్ట్ ఛాన్స్. ఈ రేసైనా ఫినిష్ చెయ్యి. లేదంటే సైకిల్ అమ్మేసి, శనివారాలు శాట్ క్లాస్‌లో జాయిన్ చేసేస్తా.”

“ఫస్ట్ రావాలా నాన్నా?”

“ఫస్టా! నీ మొహం! లాస్ట్ వచ్చినా పర్లేదు. గీత దాటు, చాలు.”

కాలేజీ ప్రవేశపరీక్ష చదువులకు నా శనివారాలు పోతే ఇక నాకు ఏమీ మిగలదనిపించింది. నిజంగానే ఏడ్చాను. ఆ పూట పెరుగన్నంలో ఉప్పు కలుపుకోవాల్సిన పని లేకపోయింది.

రేసు మా ఊరికి రెండు గంటల దూరంలో, కొండల మధ్య ఉన్న ఒక పెద్ద పశువుల క్షేత్రంలో. శనివారం ప్రాక్టీసు, రాత్రి అక్కడే గుడారాల్లో మకాం, ఆదివారం అసలు పోటీ. నాన్న కూడా వచ్చారు. పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులకు తలా ఒక పని అప్పజెబుతారు. నాన్నకు పసుపుపచ్చ చొక్కా తొడిగి, చేతికి ఒక జెండా ఇచ్చి, చివరి మలుపు దగ్గర నిలబడమన్నారు. శనివారం మధ్యాహ్నం నుంచే ఆయన ఆ జెండా ఊపడం ప్రాక్టీసు చేయడం మొదలుపెట్టారు.

సాయంత్రం మా కోచ్ డేవ్ అందరినీ కూర్చోబెట్టారు. సైకిల్ చక్రం మధ్యలో పూరీ అంత ఇనుప పళ్లెం ఒకటి ఉంటుంది, దాన్ని డిస్క్ అంటారు. బ్రేకు నొక్కితే పట్టుకునేది దాన్నే. “ఈ డిస్కును వేలితో కూడా ముట్టుకోకండి. వేలికుండే జిడ్డు చాలు, బ్రేకు పట్టదు,” అని ఆయన ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పారట. ‘అట’ అని ఎందుకంటున్నానంటే, ఆ సంగతి నాకు తర్వాత జట్టు వాళ్లు చెప్పారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆయన భుజం వెనకాల సూర్యుడు ఓక్ చెట్ల మధ్య నుంచి దిగిపోతున్నాడు. కొండంతా నారింజ తొక్క రంగులో ఉంది. అలాంటి సమయంలో బ్రేకుల గురించి ఎవరు వింటారు, మీరే చెప్పండి.

అంతలో ఇంటి దగ్గర నుంచి అమ్మ ఫోన్.

“కొత్త సైకిల్ కొన్నాం గానీ పూజ చేయించలేదే. అందుకే నీకిన్ని గండాలు. బ్యాగ్ సైడ్ జేబులో కుంకుమ భరిణె పెట్టాను. బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకో.”

“ఎక్కడ పెట్టాలమ్మా?”

“మంచి చోట చూసి పెట్టు. అదీ నేనే చెప్పాలా?”

మంచి చోటు కోసం వెతికాను. సైకిలంతా మట్టి. హ్యాండిల్‌కు రబ్బరు తొడుగు. ముందు చక్రం మధ్యలో మాత్రం గుండ్రంగా, తళతళా మెరుస్తూ, అప్పుడే ముఖం కడుక్కుని వచ్చినట్టు డిస్క్ కనిపించింది. ఇంతకన్నా మంచి నుదురు ఏ సైకిల్‌కుంటుంది? పొడి కుంకుమ నిలవలేదు. తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చి, అరచేతిలో కుంకుమ తడిపి, చుట్టూతా తొమ్మిది బొట్లు పెట్టాను. ముందు నడిచే చక్రానికి పెడితే చాలు, వెనకది ఎలాగూ దాని వెంటే వస్తుంది కదా అనుకున్నాను. కళ్లు మూసుకుని, “స్వామీ, ఈసారి నన్ను ఎక్కడా ఆగనివ్వకు,” అని దణ్ణం పెట్టుకున్నాను.

స్వామి చాలా శ్రద్ధగా విన్నాడు.

ఆదివారం పొద్దున పొగమంచులోనే రేసు మొదలైంది. మా వయసు అమ్మాయిలకు ఒకటే పెద్ద చుట్టు. ముందంతా ఎక్కుడే, బ్రేకు ముట్టుకునే అవసరమే రాలేదు. ఎడమపక్క జింకలు కనిపించాయి, చూడలేదు. వాగు పిలిచింది, పలకలేదు. కొండ పైకి చేరేసరికి మంచు మా కిందికి దిగిపోయి, తెల్లటి పాలసముద్రం మీద చెట్ల తలలు మాత్రమే తేలుతున్నాయి. నా ముందు ఆరుగురే ఉన్నారు. జీవితంలో మొదటిసారి, ఇది పూర్తి చేస్తానని నాకే నమ్మకం కలిగింది.

అక్కడి నుంచి దిగుడు. ముందు బ్రేకు నొక్కాను. కీచుమని చెవులు చిల్లులు పడేలా అరిచిందే తప్ప పట్టలేదు. పోనీలే, వెనక బ్రేకు ఉందిగా అని అదీ నొక్కాను. అదీ పట్టలేదు. దానికేమైందో నాకు అర్థం కాలేదు, ఆలోచించే తీరికా లేదు.

మొదట ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. తర్వాత ఏమైందో గానీ, భయం కూడా నాతో సమానంగా పరిగెత్తలేక వెనకబడిపోయింది. చక్రాల చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఓక్ చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి ఎదురొచ్చి, నన్నొకసారి చూసి, పక్కకు తప్పుకుంటున్నాయి. బంగారు గడ్డి రెండు వైపులా ఏరులా పారుతోంది. ఎంత హాయిగా ఉందంటే, నేను చనిపోబోతున్నానన్న సంగతి కాసేపు మరిచిపోయాను. మధ్యమధ్యలో ఎవరో ఒక అమ్మాయి వీపు కనబడగానే గుర్తొచ్చేది.

“సారీ! ఎక్స్‌క్యూజ్ మీ! బ్రేకుల్లేవు!”

“వావ్, గో గర్ల్!” అని వాళ్లు దారి ఇచ్చారు. అలా నలుగురిని దాటాను. కంగారులో అసలు ముక్క మాత్రం తెలుగులో అరిచానని అప్పుడు తట్టలేదు.

చివరి మలుపు వచ్చింది. పసుపుపచ్చ చొక్కా, జెండా, నాన్న. ఆయన వెనకాల గడ్డిమోపులు గోడలా పేర్చి ఉన్నాయి. ఇరవై అడుగుల అవతల గీత.

“అదిగో మా అమ్మాయి! కమాన్ తల్లీ! థర్డ్‌లో ఉన్నావ్!”

“నాన్నా, తప్పుకో!”

“తప్పుకోవడమేంటే? ఇంకా ఫాస్ట్!”

“బ్రేకుల్లేవు నాన్నా!”

“ఏంటీ?”

“బ్రే... కు... ల్లే... వు!”

ఇంకెవరైనా అయితే తప్పుకునేవారే. నాన్న జెండా పారేసి, గడ్డిమోపులకు వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపారు. నేనూ, సైకిలూ, ఆయనా, మూడు గడ్డిమోపులూ కలిసి ఒకే ముద్ద అయ్యాం. ఎగిరిన గడ్డిపరకలు ఎండలో మెరుస్తూ, ఏ తొందరా లేకుండా మా మీద రాలుతున్నాయి.

“దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?”

“లేదు. నీకు?”

“నడుం కొంచెం...”

నేను దాటొచ్చిన అమ్మాయిలు ఒక్కొక్కరే మమ్మల్ని దాటి వెళ్లిపోతున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. “శాట్ క్లాస్ ఎన్నింటికి నాన్నా?” అన్నాను.

“శాటూ లేదు గీటూ లేదు! లే ముందు! తోసుకుంటూ పో!”

“తోసుకెళ్లినా కౌంట్ అవుతుందా?”

గీత దగ్గరి నుంచి పరిగెత్తుకొచ్చిన కోచ్, “సైకిల్ నీ చేతిలో ఉంటే చాలు, నడిచినా రేసే! ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు!” అని అరిచారు. నాన్న చటుక్కున రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. హ్యాండిల్ వంకరపోయిన సైకిల్‌ను నేను ఈడ్చుకెళుతుంటే, ఆయన దారి పక్కన కట్టిన తాడు అవతల నడుం పట్టుకుని కుంటుతూ, “ఇంకో పదడుగులు... ఇంకో ఐదు...” అని లెక్కపెడుతూ వచ్చారు. గీత దాటాను. చివరి నుంచి రెండోదాన్ని. ఆయన ఏడుస్తున్నారు. నేనూ ఏడుస్తున్నాను. అంత సంతోషం నాకు ఆ తర్వాత ఏ డిగ్రీ తీసుకున్నప్పుడూ కలగలేదు.

“వచ్చే శనివారం పొద్దున్నే లేపుతాలే,” అన్నారు నాన్న, కళ్లు తుడుచుకుంటూ.

కోచ్ సైకిల్‌ను తలకిందులు చేసి ముందు చక్రం చూశారు. ఆయన మొహం పాలిపోయింది. “ఇదేంటి, రక్తమా?”

“కాదు, కుంకుమ. పూజకి వాడే రెడ్ పౌడర్. విత్ కోకోనట్ ఆయిల్.”

కోచ్ కళ్లు మూసుకున్నారు. నాన్న మాత్రం అందుకున్నారు. “బుద్ధుందా నీకు? బ్రేకుకి నూనె రాస్తారా ఎవరైనా? డేవ్ అంతసేపు చెప్పాడు కదా! ఎటు చూస్తున్నావ్ అప్పుడు?”

నేను తలవంచుకున్నాను. కోచ్ వెనక చక్రం తిప్పి, “దీనికీ ఉంది,” అన్నారు.

“దానికి నేను పెట్టలేదు!”

నాన్న ఉన్నట్టుండి తన చొక్కా మీది గడ్డిపరకలు ఒక్కొక్కటే ఏరుకోవడం మొదలుపెట్టారు.

“నాన్నా?”

“అదీ... పొద్దున్నే లేచి చూశానమ్మా. ముందు చక్రానికే బొట్లున్నాయి. వెనకది బోసిగా ఉంది. ఎలాగైనా నువ్వు ఫినిష్ చెయ్యాలని... రెండంటే రెండే పెట్టా.”

“నూనెతోనా?”

“నూనె లేకపోతే నిలవట్లేదమ్మా.”

తండ్రీకూతుళ్లం ఇద్దరం కోచ్ ఎదుట నిటారుగా నిలబడి, కుడిచేతులెత్తి ప్రమాణం చేశాం. సూర్యచంద్రుల సాక్షిగా, ఇకమీదట మా వంశంలో పుట్టినవాళ్లెవరూ ఆగడానికి పనికొచ్చే ఏ భాగానికీ బొట్టు పెట్టరని. కోచ్ మా మాటలు వినలేదు. ఎత్తిన మా చేతుల వంకే చూస్తున్నారు. ఇద్దరి ఉంగరం వేళ్లూ ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ముందు వెళ్లి, సబ్బు పెట్టి చేతులు కడుక్కుని రమ్మన్నారు.