శనగగింజంత రాయి

యూరాలజీలో చేరిన కొత్తలో నాకు జరిగిన అవమానాలన్నీ వరుసగా గుర్తున్నాయి. మొదటిది మా నాయిన చేశాడు. రామన్నపేటలో చుట్టాలు "బిడ్డ ఏం సదువుతాంది?" అని అడిగితే "కిడ్నీల డాక్టర్" అని చెప్పి మాట మార్చేవాడు. మూత్రం అన్న మాట ఆయన నోట రాలేదు. రెండోది మా సీనియర్ చేశాడు. నాకంటే ఒక్క ఏడాది ముందు చేరినవాడు. నన్ను ఎగాదిగా చూసి, "ఈ బ్రాంచిల ఆడోళ్లెందుకమ్మా, మొగ పేషెంట్లు సిగ్గుతోని సస్తరు" అన్నాడు. సిగ్గుతో ఎవరూ చావలేదు. ఆ మాట వెనక్కి తీసుకోమని నేను మూడుసార్లు అడిగాను. ఆయన తీసుకోలేదు.

మాది పాలమూరు వైపు హైవే పక్కనున్న బోధనాసుపత్రి. ఆ ఎండలకు, ఆ బోరునీళ్లకు మా వార్డులో రాళ్ల పేషెంట్లకు ఎన్నడూ కొరత రాలేదు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరి రాయి తీస్తే ఆ రాయిని కడిగి, ఖాళీ ఇంజెక్షన్ సీసాలో వేసి, మీద ప్లాస్టర్ అంటించి పేరు రాసి, ఇంటికి పంపే రోజు పేషెంటు చేతిలో పెట్టాలి. వాళ్లు ఆ సీసాను ఊళ్లో ఇల్లిల్లూ తిప్పేవాళ్లు. మరుసటి వారం అదే ఊరి నుంచి ఇంకో ఇద్దరు నడుము పట్టుకుని దిగేవాళ్లు. మా పెద్ద సారుకు ఈ విషయంలో మినహాయింపుల్లేవు. "పేషెంటు చేతిల రాయి పడందే ఆపరేషన్ అయినట్టు కాదు. నా సంతకం ఉండదు" అనేవారు.

ఆ సంతకం కోసమే నా ప్రాణం కొట్టుకునేది. మేం చేసే పనంతా ఒక పుస్తకంలో రాసుకోవాలి. చూసినవి, సహాయం చేసినవి, స్వయంగా చేసినవి అని మూడు వరుసలు. ఏడాదిన్నర గడిచినా నా మూడో వరుస తెల్లగా ఉంది. మా సీనియర్‌ది నిండి, కింద కాగితం అతికించుకున్నాడు. నేను అడిగినప్పుడల్లా సారు "సూద్దాంలే అమ్మా" అనేవారు. ఎన్నిసార్లు అన్నారో నేను లెక్క పెట్టుకున్నాను. ఇక్కడ చెప్పను, చెబితే నాది చిన్న మనసు అనుకుంటారు.

చివరికి ఒక సోమవారం కొత్తకోట దగ్గరి ఊరి నుంచి గొర్రెలు కాసే పెద్దాయన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో స్కానింగ్ కాగితం. నేను మంచం దగ్గరికి వెళ్లగానే, "నువ్వు గాదు బిడ్డా, డాక్టర్ను పిలువు" అన్నాడు.

"నేనే డాక్టర్ను తాతా."

"అట్లనా? మరి సూది ఎవరేస్తరు?"

ఇది కూడా రాసిపెట్టుకున్నాను. కాగితం చూసి, మూత్రనాళంలో రాయి ఉందని చెప్పాను. ఎంతుందని అడిగితే బొటనవేలి గోరు మీద చూపించి, "శనగగింజంత" అన్నాను. ఆ మాట ఊరికే అన్నాను. ఆయన మాత్రం ఊరికే వినలేదు.

బుధవారం ఆపరేషన్ థియేటర్లో సారు ఉన్నట్టుండి చేతులు కట్టుకుని వెనక్కి జరిగి, "నువ్వే చెయ్యి" అన్నారు. నా చెవులను నేను నమ్మలేదు. సన్నని దుర్బిణి లోపలికి పంపాను. తెర మీద రాయి కనిపించింది, పసుప్పచ్చగా, గరుకుగా. ఏడాదిన్నర కోపం నా కాలి కింద లేజర్ పెడల్ మీద ఉంది. కొట్టాను. పగిలిన ముక్కలను మళ్లీ కొట్టాను. ముక్కల ముక్కలను కూడా వదల్లేదు. కాసేపటికి తెర మీద పొగమంచులాంటి పొడి తప్ప ఏమీ లేదు. లోపల ఒక సన్నని గొట్టం పెట్టి బయటకు వచ్చాను. చాలా శుభ్రమైన పని. పుస్తకం తీసుకుని సారు ముందు నిలబడ్డాను.

"రాయేది?" అన్నారు.

"పొడి అయిపోయింది సార్. మొత్తం."

"ఒక్క ముక్క సుత మిగల్చలే?"

"లేదు సార్."

"పేషెంటు చేతిల ఏం పెడ్తవ్?" అని పుస్తకం మూసి నా చేతికే ఇచ్చారు.

వార్డు అలమారలో విద్యార్థులకు చూపించడానికి ఒక గాజు జాడీలో పాత రాళ్లుండేవి. "గా జాడీలకెల్లి ఒకటి తీసి ఇయ్యరాదు? ముసలాయనకేం తెలుస్తది" అన్నాడు మా సీనియర్. ఆ తప్పు పని నేనే చేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఆలోచన ఎవరిదో కూడా రాయాలి కదా. అందుకే రాశాను.

పొద్దున సీసా తీసుకెళ్లి ఇచ్చాను. పెద్దాయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. గొర్రె పళ్లు చూసి వయసు చెప్పే కళ్లవి.

"గిది చింతగింజంత ఉంది."

నేను గ్లూకోజు చుక్కలు లెక్కపెట్టసాగాను.

"నువ్వే గదా బిడ్డా శనగగింజంత అన్నది. కడుపుల ఉన్నప్పుడు శనగగింజ, బయటికొస్తే చింతగింజనా? గాలి తగిలి పెరిగిందా?"

పక్క మంచం మీద ఉన్నాయన కుట్లు పట్టుకుని నవ్వాడు.

"మందల నా గొర్రె నాకెరుక. ఇది నాది గాదు. మీ పెద్ద సారును పిలువు."

సారు వస్తే పోయేది సంతకం ఒక్కటే కాదు. సీసా వెనక్కి తీసుకుని, మూత వేళ్లతో తిప్పుతూ నిజం చెప్పేశాను. రాయి పొడి అయిందనీ, చూపించడానికి ఏమీ లేక జాడీలోది తెచ్చాననీ, తప్పయిందనీ చెప్పాను. ఆయన గొంగడి సర్దుకుని కూర్చున్నాడు.

"మరి నా పొడేది?"

"నీ ఉచ్చల పోతాంది తాతా."

"అయితే పట్టు."

"ఏంది?"

"పట్టు బిడ్డా. పోనిస్తవా? అది నాది."

పట్టాను. రెండు రోజులు. ప్లాస్టిక్ జగ్గు మీద నాలుగు మడతల గాజుగుడ్డ కట్టి, ఆయన పోసినప్పుడల్లా వడగట్టాను. ఆయన మంచం అంచున కూర్చుని, "జర మెల్లగ, జారిపోతది" అని నాకు పని నేర్పాడు. మా సీనియర్ ఆ దారిన పోయినప్పుడల్లా "ఒక చాయ్ ఇటు పంపు" అనేవాడు. మొత్తం ఏడుసార్లు అన్నాడు. సర్జరీలో బంగారు పతకం తెచ్చుకున్న చేతులతో గుడ్డ మీది గోధుమరంగు ఇసుకను చెంచాతో గీకి సీసాలోకి దులిపాను. రెండో రోజు సాయంత్రానికి చిటికెడైంది.

మరునాడు రౌండ్సులో సారు ఆ మంచం దగ్గర ఆగారు. "రాయి ముట్టిందా పెద్దమనిషీ?"

పెద్దాయన సీసా పైకెత్తి ఊపాడు. అడుగున ఇసుక కదిలింది.

"ముట్టింది సారూ. నా ముంగటనే వడగట్టింది. నా కొడుకు సుత గింత సెయ్యడు." అని ఆగి, నా వైపు తిరిగాడు. "మొదలు ఒకటి తెచ్చింది గని..."

నేను పక్క మంచం కేసు షీటు తెరిచాను.

"...గా సీసకు మూత మంచిగ లేకుండె. మార్చి తెచ్చింది."

సారు సంతకం పెట్టారు. మూడో వరుసలోనే. పక్కన చిన్న అక్షరాలతో "నా పర్యవేక్షణలో" అని చేర్చారు. మా సీనియర్ సంతకాల పక్కన ఆ మాట ఎక్కడా లేదు, నేను వెతికాను. ఇంకా ఉంది. తర్వాతి ఏడాది కొత్తగా చేరినవాళ్లకు సారు, "మొత్తం పొడి చెయ్యకుండ్రి, సీసల ఎయ్యనీకి ఒక ముక్క ఉంచుండ్రి. నేను ఎప్పటిసంది చెప్తున్న" అన్నారు. ఎప్పటి నుంచో చెప్పలేదు. నా కేసు తర్వాత నుంచే చెబుతున్నారు.

ఆపరేషన్ అయిన మూడు వారాలకు పెద్దాయన లోపలి గొట్టం తీయించుకోవడానికి వచ్చాడు. ఆ రోజు ఆ పని మా సీనియర్‌ది. నేను తెర ఇవతల కేసు షీటు రాస్తున్నాను. చేతి తొడుగులు వేసుకుని మా సీనియర్ మంచం దగ్గరికి వెళ్లిన చప్పుడు వినిపించింది. తర్వాత పెద్దాయన గొంతు.

"నువ్వు గాదు బిడ్డా. డాక్టర్ను పిలువు."

మా సీనియర్ తెర పక్కకు జరిపి నన్ను చూశాడు. నేను రాస్తున్న వాక్యం పూర్తి చేశాను. పెన్ను మూత పెట్టాను. ఇంకో రెండు నిమిషాలు ఆగి వెళ్లాను. కావాలనే.