అతని తరఫున కూర్చునేవాళ్లు లేరు

నా చెయ్యి గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. నేపాలీ చెయ్యి గురించి అడగరు. అడగనివాళ్లందరూ నాకు గుర్తున్నారు.

దివిసీమలో ఒక రొయ్యల చెరువు మీద మేమిద్దరం కలిసి పనిచేశాం. నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ తాడు తెగితే కరెంటు ఆపి దిగాలి. ఎవరూ ఆపరు. ఆగితే రొయ్యలు ఊపిరాడక చస్తాయని యజమానుల భయం. ముసురు పట్టిన ఒక రోజు తాడు తెగితే మేమూ ఆపకుండానే దిగాం. తిరిగే రెక్కల్లో నా చెయ్యి పడింది. దాన్ని లాగబోయి అతను తన చెయ్యి పెట్టాడు. నాకు రెండు వేళ్లు పోయాయి. అతనికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

మా వైపు ఇలాంటివి పెద్దల్లో పెడతారు. ఎవరి తరఫున వాళ్ల పెద్దలు కూర్చుంటారు. వాళ్లు సరేనంటే దెబ్బ తిన్నవాడూ సరేనన్నట్టే. గుడివాడలో యజమాని ఇంటి వరండాలో కూర్చున్నారు. నాకోసం మా చర్చి పెద్ద వచ్చారు. నేపాలీకి ఎవరున్నారు? చేతికట్టుతో మెట్ల మీద కూర్చున్నాడు. టీ అందరికీ వచ్చింది, మెట్ల దాకా రాలేదు.

"ఇద్దరికీ ఒకేలా ఇవ్వండి" అన్నాను.

"నీ డబ్బు సంగతి తేలిపోయింది కదయ్యా! అతనికి రైలు టికెట్టు కొంటున్నాంగా" అన్నాడు యజమాని.

"అతని వేళ్లు నేపాల్లో పోలేదండీ. మీ చెరువులోనే పోయాయి."

"ఏం, నీకు బావమరిదా?" అన్నాడు పక్కనున్నాయన. అందరూ నవ్వారు. మా పెద్ద కూడా నవ్వారు. నేను వద్దంటున్నా ఆయనే "సరేనండీ" అనేశారు. ఇప్పటికీ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ఆయన రొట్టె, ద్రాక్షరసం వడ్డిస్తుంటే నేను లేచి బయటికి వచ్చేస్తాను. మా ఆవిడ సిగ్గుతో చచ్చిపోతుంది. అయినా సరే.

నేపాలీని రైలెక్కించేశాక నేను బందరు లేబర్ ఆఫీసు చుట్టూ తిరిగాను. సారు క్యాంపులో ఉన్నారన్నారు, లంచ్ తర్వాత రమ్మన్నారు. చివరికి దొరికిన ఆఫీసరు మర్యాదగానే మాట్లాడారు.

"చట్టంలో తేడా లేదండీ. ఏ దేశం వాడైనా మనవాడికెంతో అతనికీ అంతే. అతన్నే కేసు వెయ్యమనండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడి నుంచే నేపాల్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ఆ మాట చెప్పాను.

"వద్దన్నా" అన్నాడు అతను, మా దగ్గర నేర్చుకున్న తెలుగులో. "తమ్ముడు అక్కడే ఉన్నాడు. నా ప్లేసులో పెట్టుకున్నారు."

"అదే చెరువు మీదా?"

"అవునన్నా. కేసంటే తీసేస్తారు. ఇంట్లో అందరూ వాడి జీతం మీదే. నువ్వు కూడా ఇంక ఆఫీసుకి వెళ్లొద్దు."

ఫోన్ పెట్టేశాడు. ఆఫీసరు అంతా విన్నారు.

"మనిషే వద్దంటుంటే మేమేం చేస్తామండీ?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఫోన్లో అతనన్నదాంట్లోనూ లేదు. తప్పెవరిదో చెప్పడానికి జీవితంలో ఎప్పుడూ తడుముకోనివాణ్ణి, ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను. లేవాలంటే ఎక్కడికి వెళ్లాలో తెలియాలి కదా.