ఊరడగకూడదన్న షరతు

నరసరావుపేటలో మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టినప్పుడు పెట్టుబడిలో సగం బాబాయిది. షరతు మాత్రం నాది: ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళని "మీదే ఊరు? ఎవరి పిల్లవి?" అని అడగకూడదు. మా పల్నాడులో బస్సులో పక్క సీటు మనిషిని కూడా ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా వదలం. అది మర్యాదే, కాదనను. కానీ ఉద్యోగం దగ్గర ఆ జవాబుతోనే సగం తీర్పు అయిపోతుంది. నాకది పడదు.

"ఊరడిగితే పాపమేందే? మనోళ్ళో కాదో తెలియొద్దా?" అన్నాడు బాబాయి.

"అందుకే అడగొద్దంటున్నా."

బయోడేటాల్లో పేరూ ఊరూ కూడా కొట్టేయించాను. పరీక్ష అందరికీ ఒకటే. తప్పులున్న ప్రోగ్రాం ఇస్తాం. తప్పు పట్టుకుని, ఎలా పట్టుకున్నారో తమకు వచ్చిన భాషలో చెప్పాలి. తెలియనిది తెలియదంటే మార్కులు పోవు, తెలిసినట్టు నటిస్తే పోతాయి. కోడ్‌కి నేను వేస్తాను. చెప్పిన తీరుకి, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన బాబాయి వేస్తాడు.

ఇంటర్వ్యూల రోజు చివర్లో ఒకమ్మాయి వచ్చింది. బాబాయికి నాలుక దురద ఆగలేదు. "మీదే..." అని మొదలుపెట్టి, నా చూపు చూసి, "మీదేనా ఈ పెన్ను?" అని సర్దుకున్నాడు. నవ్వాపుకోవడం చానా కష్టమైంది.

తప్పు చకచకా పట్టేసింది. ఒకచోట మాత్రం "ఇది నాకు తెలీదండి, వెతికి చూడాలి" అంది. ఆ మాటకే బాబాయి పొంగిపోయి నాకన్నా ఎక్కువ మార్కులు వేశాడు. అందరికన్నా ఆమే ముందుంది. మళ్ళీ లోపలికి పిలిచాం.

"ఇప్పుడన్నా అడగొచ్చా?" అన్నాడు నాతో. సరేనన్నాను. వెంటనే ఆ రెండూ అడిగేశాడు.

"మీ ఊరేనండి" అని తల వంచుకుని తండ్రి పేరు చెప్పింది.

పొలం గట్టు తగాదాలో బాబాయి మీద కోర్టుకెక్కిన మనిషి ఆయన. రెండిళ్ళకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. బాబాయి సంతకం లేకుండా ఆ అమ్మాయికి ఉద్యోగం లేదు.

"ఊరడుగుతారని మెట్ల దగ్గర్నుంచే వెనక్కి పోబోయానండి" అంది.

బాబాయి మార్కుల కాగితం ముందుకు లాక్కున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "నేనేసిన మార్కులు నేనే కొట్టేస్తానా ఏంది? సోమవారం నుంచి రమ్మను" అన్నాడు.

ఆయన అన్న కూతుర్నని అంత గర్వంగా ఎప్పుడూ అనిపించలేదు.

ఆ అమ్మాయి తలుపు దాకా వెళ్ళాక బాబాయి ఆపాడు.

"అమ్మాయ్, మీ నాన్న మోకాలి నొప్పి ఇప్పుడెట్టా ఉంది?"