బన్సీలాల్‌పేట్ గల్లీలో జీపీఎస్

ఈ రోజు శాటిలైట్ జియోడెసీ ప్రాక్టికల్. అంటే ఉపగ్రహాల సిగ్నల్స్‌తో నేల మీద ఒక చోటు సరిగ్గా ఎక్కడుందో సెంటీమీటర్లలో తేల్చడం. బన్సీలాల్‌పేట్‌లో ఒక గల్లీ మలుపున ట్రైపాడ్ మీద జీపీఎస్ రిసీవర్ బిగించి, దాన్ని ఎవరూ కదపకుండా గంటసేపు కాపలా కూర్చున్నాను. పది నిమిషాలు కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. పైగా మా క్లాసులో సగం మంది ఆ సమయానికి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో ఉన్నారు.

ఎదురింటి పెద్దావిడ మూడుసార్లు గడప దాకా వచ్చి చూసి వెళ్లింది. నాలుగోసారి చాయ్ తెచ్చి చేతిలో పెట్టింది.

"రోడ్డు వెడల్పు చేస్తున్నరా బిడ్డా? మా ఇల్లు ఎంత పోతది?"

"అయ్యో, అదేం లేదమ్మా. కాలేజీ పని. ఈ చోటు ఎక్కడుందో ఉపగ్రహాలతో కొలుస్తున్నాం."

"నా ఇల్లు యాడుందో నాకెర్కనే. ఎన్ని దినాలుంటదో అది చెప్పు."

చాయ్ తాగేశాను. ఖాళీ గ్లాసు ఆవిడ చేతికిచ్చి, రిసీవర్ స్క్రీన్ వైపు తల తిప్పేసుకున్నాను.

రీడింగ్ బ్రహ్మాండంగా వచ్చిందని సారు మెచ్చుకున్నారు. నేనేమో సాయంత్రం నుంచి ఇంట్లో ఒకచోట నిలవలేక తిరుగుతున్నాను. వచ్చే వారం మళ్లీ అదే గల్లీ, అదే మలుపు. ఆవిడ మళ్లీ చాయ్ తెస్తే ఏ మొహం పెట్టుకుని తాగాలో మీరైనా చెప్పండి.