మేడం గారి వంతు

2023 జనవరి. ధవళేశ్వరంలో మా ఇంటి మేడ మీద గదికి సున్నం వేయించి, రెండు కుర్చీలు వేశాను. ఎదురెదురుగా కాదు, కాస్త ఏటవాలుగా. మాట్లాడే మనిషి కావాలంటే నా వైపు చూడవచ్చు, లేదంటే కిటికీలోంచి కాలువ వైపు చూడవచ్చు.

కాలువల ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసి, చివర్లో కొత్త ఉద్యోగులకు శిక్షణ ఇస్తూ రిటైరయ్యాను. ఆ తర్వాత చదువుకుని వ్యక్తిగత కోచింగ్ మొదలుపెట్టాను. ఆ మాట వినగానే మా వీధిలో ఒకాయన, “మా వాణ్ణి గ్రూప్ టూకి పంపమంటారాండీ?” అని అడిగాడు. ఇది ఆ కోచింగ్ కాదు. ఉద్యోగం వల్ల మనసు నలుగుతున్న మనిషితో వారానికోసారి ఏకాంతంగా కూర్చుని మాట్లాడటం. ఇందులో సలహాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. దారి ఆ మనిషే వెతుక్కోవాలి, మనం తోడుండాలి.

ఆ నెలలో వచ్చిన అమ్మాయిని ఇక్కడ సునీత అంటాను. అసలు పేరు అది కాదు. రామచంద్రపురం దగ్గర పల్లె. తల్లి చర్చి బడిలో టీచరు. సునీత ఏఈ, అంటే ఒక పంట కాలువ పొడుగునా నీళ్ళ పంపిణీ చూసుకునే ఇంజనీరు. అది దాళ్వా కాలం. వానలుండని ఆ పంటకి నీళ్ళన్నీ కాలువలోంచే రావాలి. ఎగువ ఊళ్ళు వాడుకోగా మిగిలినవే చివరనున్న శివారు ఊళ్ళకి చేరతాయి.

“డిజైన్ సెక్షన్‌కి ట్రాన్స్‌ఫర్ అడిగేద్దామనుకుంటున్నానండి. ముందు మీతో ఒకసారి మాట్లాడమన్నారండి మా పెద్ద సారు.”

“ఫీల్డు పని నచ్చలేదామ్మా?”

కాలువ వైపు చూసింది. “మా నాన్నగారు కౌలుకి చేసింది శివారు పొలమేనండి. శివారుకి నీళ్ళు పంపాలనే ఈ ఉద్యోగంలోకి వచ్చానండి. ఇది వదిలేస్తే ఇంక నేను చేసేదేముందండి?”

అంతలో ఆమె సంచిలో ఫోను మోగింది. ఆమె తీయలేదు, కానీ ముఖం పాలిపోయింది. చేతులు ఒడిలో గట్టిగా బిగించుకుంది. మోత ఆగాక, “మోగినప్పుడల్లా ఊపిరాడదండి. మొన్న తూము దగ్గర జీపు ఆగింది గానీ, నేను దిగలేకపోయానండి. మోగకపోయినా మోగినట్టే ఉంటుందండి” అంది.

కోచ్ ముందుగా తెలుసుకోవలసింది తన పని ఎక్కడితో ఆగిపోతుందో. నిద్ర గురించి అడిగాను, తిండి గురించి అడిగాను. మూడో ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ అడిగి తీరాలి. బతకాలని లేదనిపిస్తోందా అని అడిగాను.

“చచ్చిపోవాలని లేదండి. ఫోను చచ్చిపోతే బాగుణ్ణనిపిస్తుందండి.”

ఇద్దరం నవ్వేశాం. అయినా రాజమండ్రిలో మానసిక వైద్యుణ్ణి చూడమని చెప్పాను. మా పనిలో దీన్ని రిఫరల్ అంటారు, మన చేతిలో లేనిదాన్ని తెలిసినవాళ్ళకి అప్పగించడం.

“పిచ్చి డాక్టరు దగ్గరికాండీ?”

“తూము షట్టరు బిగుసుకుపోతే మెకానిక్‌ని పిలుస్తారా, లస్కరునే లాగమంటారా?” లస్కరంటే కాలువ గట్టు మీద తిరిగే మా కాపలా మనిషి.

“రెండూ చేస్తామండి.”

“ఇక్కడా అంతేనమ్మా.”

వెళ్ళింది. మందులతో కొంచెం నిద్రపట్టింది. మా సెషన్లు వాటితో పాటే నడిచాయి. మధ్యలో వాళ్ళ పెద్ద సారు నాకు ఫోను చేశారు.

“ఏమంటోందండీ మా అమ్మాయి? ఉంటుందా, వెళ్తుందా?”

“వస్తోందండి. అంతకు మించి చెప్పకూడదండి.”

“మనలో మనకి రహస్యాలేంటండీ బాబూ!”

“మనలో మనకే కావాలండీ అవి.”

ఆయన కాస్త నొచ్చుకున్నారు. కానీ గదిలో అన్న మాట గది దాటితే ఈ పనే లేదు.

సునీత చేసిన పొరపాటు మంచితనంలోంచి పుట్టింది. చేరిన కొత్తలో రైతుల మీటింగులో తన నంబరు చెప్పి, “ఏ టైములోనైనా నాకే చెయ్యండి” అంది. చేశారు. శివారువాళ్ళు అరిస్తే ఎగువ తూముల షట్టర్లు కాస్త దించేది. ఎగువవాళ్ళు అరిస్తే మళ్ళీ ఎత్తేది. దాంతో ఫోన్లు ఇంకా పెరిగాయి. తోటి ఏఈ ఒకాయన చెబితే కొన్నాళ్ళు సాయంత్రాలు స్విచాఫ్ చేసి చూసింది. ఎక్కడో గట్టు తెగి గండి పడినట్టు, తనకి తెలియకుండానే చేలు మునిగినట్టు ఊహలు మొదలయ్యాయి. వచ్చిన ఆ కాస్త నిద్రా పోయింది.

“ఆన్‌లో ఉన్నా భయమే, ఆపినా భయమేనండి.”

ఆ రోజు ఇలా అడిగాను. “కాలువలో నీళ్ళు చాలకపోతే ఏం చేస్తారమ్మా?”

తెలిసిందే అడుగుతాడేంటన్నట్టు చూసింది. “వంతులు పెడతామండి. కొన్నాళ్ళు శివారుకి, కొన్నాళ్ళు ఎగువకి.”

“వంతు పెడితే నీళ్ళు పెరగవుగా. మరి గొడవెందుకు తగ్గుతుంది?”

“ఎప్పుడొస్తాయో తెలుస్తుంది కదండీ. తక్కువైనా ఫరవాలేదు. తన వంతు ఎప్పుడో తెలిస్తే రైతు ఇంటికెళ్ళి పడుకుంటాడండి.”

నేను మాట్లాడలేదు. ఈ పనిలో మౌనం కూడా ఒక పనిముట్టే. కాసేపటికి ఆమే అంది. “నాకు నేను వంతు పెట్టుకోలేదు కదండీ సార్. గట్టిగా అరిచినవాళ్ళ వైపే పారుతున్నానండి.”

ఏర్పాటంతా ఆమే చేసుకుంది. ఉదయం శివారు ఊళ్ళ ఫోన్లు, సాయంత్రం ఎగువ ఊళ్ళవి. గండి పడితే ఏ వేళనైనా వర్క్ ఇన్‌స్పెక్టరుకి చెయ్యాలి, అతను ఆమెని లేపుతాడు. మిగిలిన వేళ ఆమెది. కష్టమల్లా రైతులకి చెప్పడమే. అందరిలోకీ ఎక్కువ ఫోన్లు చేసేది శివారు రైతుల పెద్ద సత్తిబాబు గారు. మా గదిలో నేనే సత్తిబాబునయ్యాను.

“మేడం గారికి ఫోనెత్తే ఓపిక లేకపోతే మా చేలు ఎండాలాండీ?”

“సారీ అండి...” అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది.

“సారీ లేకుండా ఇంకోసారి అనమ్మా” అన్నాను. మూడోసారికి గొంతు నిలబడింది.

అసలు సత్తిబాబు గారితో మాట సొసైటీ ఆఫీసు అరుగు మీద జరిగింది. పదిమంది ముందు చెప్పింది. ఆయన తలపాగా విప్పి దులిపి, “ముందు మా వంతాండీ, ఎగువోళ్ళదాండీ?” అన్నాడట.

“మీదేనండి, ఉదయం.”

“ఆయ్. అయితే సరేనండి. వంతు తప్పితే మాత్రం ఊరుకోమండోయ్.”

“తప్పితే మీరొచ్చి అడగండి.”

అంతే. నెల రోజులుగా ఆమె భయపడ్డ గొడవ అంతటితో అయిపోయింది. అన్నీ చక్కబడిపోయాయని చెప్పను. ఆ దాళ్వాలో శివారున కొన్ని మడులు ఎండాయి. ఒకాయన గట్టు మీద నిలబెట్టి తిట్టాడు, ఆ రాత్రి మళ్ళీ నిద్ర లేదు. డాక్టరు మందులు కొనసాగించారు. ట్రాన్స్‌ఫర్ మాట మాత్రం ఆమె మళ్ళీ ఎత్తలేదు.

వేసవి మరమ్మతులకి కాలువ కట్టేసిన వారం ఆఖరి సెషన్‌కి వచ్చింది. కిటికీలోంచి చూస్తే కాలువ అడుగున బురద కనిపిస్తోంది. ఆమె ఒక సంగతి చెప్పింది. కాలువ కట్టకముందు ఒక మధ్యాహ్నం ఎగువ రైతు ఒకాయన టీ కొట్టు దగ్గర నిలబడి ఆమెకి ఫోను కలుపుతుంటే, పక్కనే ఉన్న సత్తిబాబు గారు చెయ్యి పట్టుకుని ఆపాడట. “పెట్టెయ్యండి మావయ్యా. ఇది మేడం గారి వంతు. అన్నం తింటుంటారు.”

“లస్కరు చెప్పాడండి. నిజంగానే అన్నం తింటున్నానండి అప్పుడు” అని సునీత కళ్ళు తుడుచుకుంది.

అప్పటినుంచి నా పద్ధతి కొంత మారింది. కొత్తగా వచ్చినవాళ్ళని ముందు కష్టం అడగను. మీ పనిలో ఎదుటివాళ్ళకి మీరు చేసి పెట్టేదేంటో చెప్పమంటాను. మొన్న ఒక నర్సమ్మ వచ్చింది. వార్డులో రోగులకి విశ్రాంతి ఎలా కుదురుస్తుందో, చూడటానికి వచ్చిన చుట్టాల్ని ఎలా బయటికి పంపిస్తుందో హుషారుగా చెప్పుకుంటూ పోయి, మధ్యలో ఉన్నట్టుండి, “మరి నాకు...” అని ఆగిపోయింది.

కాలువ వైపు చూస్తూ కూర్చున్నాను.