సినిమాలో అక్క

సినిమాలో ఆ ఘట్టం ఇలా ఉంటుంది. జీడిపిక్కల గోనెల వెనక ఏడేళ్ళ పిల్ల దాక్కుని ఉంటుంది. ఊరందరి లెక్కలో ఆ పిల్ల మగపిల్లాడు. ఒంటిమీద మాత్రం అక్క పరికిణీ. అరుగు మీద నుంచి తండ్రి "తమ్ముడేడే?" అని అడుగుతాడు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి "ఇంట్లో లేడు నాన్నా" అంటుంది. తండ్రి వెళ్ళిపోతాడు. గోనెల వెనక పిల్ల ఊపిరి వదులుతుంది.

కాశీబుగ్గ కల్యాణ మండపంలో తెర కట్టి ఆ సినిమా వేసినప్పుడు జనం చప్పట్లు కొట్టింది ఇక్కడే. నా పక్కన కూర్చున్నావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "అక్కంటే అలగుండాల" అంది.

ఆ అక్కను నేనే. సినిమా నడిచినంతసేపూ తెరమీది అమ్మాయిని చూసి నాకు కడుపు మండుతూనే ఉంది.

సినిమా నా చెల్లెలు లావణ్య కథ. లావణ్య అన్నది తను పెట్టుకున్న పేరు. ఇంట్లో పెట్టిన పేరు త్రినాథ్. తను పోయి పదకొండు నెలలైంది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఉండగా రాసి ఉంటే ఒప్పుకునేది కాదు.

మాది మందస దగ్గర పల్లెటూరు. కొబ్బరి, జీడి, కాస్త వరి. నా తరవాత పుట్టిన ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోతే, మూడోవాడు దక్కితే తలనీలాలిస్తానని అమ్మ సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. అందుకని ఆ జుట్టు మీద కత్తెర పడలేదు. మొక్కు జుట్టున్న మగపిల్లలకు జడ వేసి పూలు పెట్టి ముచ్చట తీర్చుకోవడం మా వైపు మామూలే. ఒకసారి పలాస తీసుకెళ్ళి ఫోటో తీయిస్తారు, ఆ తరవాత గుండు. మా ఇంట్లో మూడో ఏట తీయించాల్సిన జుట్టు ఏడో ఏటికొచ్చింది. గుండు మాటెత్తితే పిల్ల అన్నం మానేసేది. అమ్మ వచ్చే ఏడు, వచ్చే ఏడు అని వాయిదా వేసేది. అమ్మకీ ఆ జుట్టంటే ప్రాణం. నల్లగా, దట్టంగా, నడుం దాటి ఉండేది.

నాకప్పుడు పదకొండేళ్ళు. పేలు పడ్డాయని అమ్మ నా జుట్టు చెవుల దాకా కత్తిరించేసింది. మా పెరట్లో కనకాంబరాలు రోజూ ఒక మూర వచ్చేవి. సాయంత్రం అరుగు మీద అమ్మ దువ్వెన పట్టుకుని పిలిచేది నన్ను కాదు. నేను స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండేదాన్ని. ఒళ్ళో కూర్చుని కళ్ళు మూసుకుని, జడ అల్లుతున్నంతసేపూ కదలకుండా ఉండేది లావణ్య. జడ అయ్యాక "అమ్మా, నాను గుంటనే కదా?" అని అడిగేది. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. "గుంటవే, నా తల్లివే" అని అమ్మ నవ్వేది. అమ్మకది ముద్దు మాట. లావణ్యకు కాదు. ఆ సంగతి ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. ఎవరూ లేనప్పుడు నా పరికిణీ కట్టుకుని గోనెల వెనక కూర్చుని, తనలో తను మాట్లాడుకునేది. ఆ మాటల్లో తన పేరు త్రినాథ్ కాదు.

సినిమాలో లేనిది ఇప్పుడు చెబుతాను. ఆ రోజు నాన్న నిజంగానే "తమ్ముడేడే?" అని అడిగాడు. "ఇంట్ల లేడు నాన్నా" అని నేను గట్టిగానే అన్నాను, గోనెల దాకా వినపడేలా. అంటూనే గోనెల గది పెరటి కిటికీ వైపు వేలు చూపించాను. నాన్న చప్పుడు చేయకుండా వెళ్ళి కిటికీలోంచి చూశాడు. అలాగే వెనక్కి వచ్చేశాడు. మర్నాడు తెల్లారగట్ల పిల్లను లేపి పలాసలో సింహాచలం రైలెక్కించాడు. రాత్రికి గుండుతో తిరిగొచ్చారు.

లావణ్య ఏడవలేదు. నా దగ్గరకొచ్చి, "నాన్నకి ఎవలు సెప్పినారక్కా?" అని అడిగింది. ఆ కిటికీ అవతల పక్కింటి మహాలక్ష్మి పిన్ని పెరడు. "పిన్ని సూసి సెప్పీసింది" అన్నాను. అంత సులువుగా వచ్చింది ఆ మాట. ఆ రోజు నుంచి పెరట్లో కనకాంబరాలు నావయ్యాయి. పొట్టి జుట్టుకు పిన్నులు గుచ్చి మరీ పెట్టించుకున్నాను. సంతోషంగా ఉండేది. నెలనెలా మంగలి వచ్చి లావణ్య తల పొట్టిగా కత్తిరించేవాడు.

పదహారేళ్ళకు తను ఇల్లు వదిలింది. బరంపురం, ఖరగ్‌పూర్ రైళ్ళలో పన్నెండేళ్ళు తిరిగింది. తిరిగొచ్చినప్పుడు చీరలో వచ్చింది. నాన్న అప్పటికి లేడు. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టి అన్నం పెట్టింది, లోపలికి రమ్మనలేదు. ఊళ్ళో ఒక్క మహాలక్ష్మి పిన్నే పసుపు, కుంకుమ, రవికల గుడ్డ పళ్ళెంలో పెట్టి, పుట్టింటికొచ్చిన ఆడపిల్లకు ఇచ్చినట్టు కూతురు దుర్గ చేత పంపింది. లావణ్య ఆ పళ్ళేన్ని ముట్టకుండా తిప్పి పంపేసింది. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

తరవాత కాశీబుగ్గలో గది తీసుకుని జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. పొట్టు తీయడంలో తన వేళ్ళకు సాటి లేదు. పక్కవాళ్ళతో మాట్లాడుతూ, చేతివైపు చూడకుండానే నిండు పప్పు ఒకవైపు, బద్దలు ఒకవైపు వేసేది. నేను పలాసలోనే కాపురం. ఆదివారాలు తనే వచ్చేది. నా జుట్టు చూసి, "ఇంత జుట్టుకి నూనె రాసుకోవేటే, కొబ్బరితోటల్లో పుట్టి!" అని తిట్టేది. తన జుట్టు అప్పటికే పలచబడిపోయింది. మళ్ళీ ఎప్పుడూ నడుం దాకా రాలేదు.

అప్పుడొచ్చింది సంధ్య, విశాఖపట్నం నుంచి. పాతికేళ్ళ పిల్ల, చిన్న సినిమాలు తీస్తుంది. ఎవరో చెబితే లావణ్యను వెతుక్కుంటూ వచ్చి వారం రోజులు కూర్చుని కథంతా చెప్పించుకుంది. బారువ సముద్రం దగ్గరా, మందస జీడితోటల్లోనూ తీశారు. పిల్ల వేషానికి మగపిల్లల తల్లిదండ్రులు ఎవరూ ఒప్పుకోలేదట. ఒక ఆడపిల్లనే తెచ్చి, పొడుగు జుట్టు విగ్గు పెట్టారు. లావణ్య పని, ఆ పిల్లకు ఎలా చూడాలో, ఎలా నడవాలో చూపించడం.

మొదటిరోజు సాయంత్రం లావణ్య మా ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"ఆ గుంటకి పరికిణీ ఇత్తే దురదంటాదే! జీన్సు ప్యాంటు ఇమ్మని ఏడుపు! సంధ్యమ్మేమో, ఆశగా సూడు, ఆశగా సూడని గోల. దానికి ఆశెక్కడ్నుంచి వత్తాది? పుట్టుకతోనే గుంట కదేటి అది!"

"చిన్నపిల్ల కదా" అన్నాను.

"సిన్నపిల్లే. అదే నాకు కుళ్ళు" అంది. "నేను సూపిత్తుంటే నన్ను సూసి నవ్వుతాదే అది. దాని జడ దానికి బరువంట!"

నవ్వుతూనే అంది కానీ కంచం అలాగే తోసేసింది.

సినిమా చూసిన మర్నాడు నేను తన గదికి వెళ్ళాను. బారువ ఎండు చేపలు, మెత్తళ్ళు, ముందేసుకుని తలలు గిల్లుతోంది.

"ఎలగుందే మన సినిమా? నిన్ను బాగా సూపించినారా?" అని అడిగింది.

"ఆ అక్క ఎవరు?"

"నువ్వే! ఇంకెవలు? నేను సెప్పిందే తీసినారు. గోనెల ఎనకాల నాకు నీ గొంతు ఇనపడ్డాదే. లేడు నాన్నా అన్నావు. ఆ మాట నేను రైళ్ళలో ఎన్నిమాట్లు తలుసుకున్నానో నీకేటి తెలుసు!"

ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ నేను ఎన్నడూ కాని మనిషికి అంతమంది చప్పట్లు కొట్టారు. నా చెల్లెలి ప్రేమంతా ఆ మనిషే తినేసింది. అది నాకు పడలేదు.

"నోటితో లేడన్నాను. సేత్తో కిటికీ సూపించాను" అన్నాను.

మెత్తళ్ళు గిల్లడం ఆగింది. "ఎందుకే?"

"నీ జడ."

"నా జడా?" అని నా తలకేసి చూసింది. "నీకు మళ్ళీ పెరుగుతాది కదే! రేపు లేత్తే నువ్వు గుంటవే, ఎల్లుండి లేత్తే గుంటవే. నీకేటే కుళ్ళు నా మీద?"

అంతలో తనకే ఇంకోటి తట్టింది. "మరి పిన్ని?"

"పిన్ని సెప్పలేదు."

"ఓలమ్మో! ఆవిడ సావుకి కూడా ఎల్లలేదే నేను" అంది. చేతులు కూడా కడుక్కోకుండా లేచి, "ఎల్లు. ఎల్లిపో ఇక్కడ్నుంచి" అంది.

ఆ సాయంత్రమే మందస బస్సెక్కి దుర్గ ఇంటికి వెళ్ళిందట. తెల్లారి దుర్గ నాకు ఫోన్ చేసింది. "లావణ్యక్క వచ్చి, అన్నమెట్టే అని అడిగి, తినేసి మాయమ్మ ఫోటోకి దండమెట్టి ఎల్లింది. ఎందుకో సెప్పనేదు. నీకు తెలుసా భవానక్కా?" అంది. తెలుసని చెప్పి, అంతా చెప్పాను. "మాయమ్మ ఆ పళ్ళెం ఎనక్కి వచ్చిన రోజు ఎంత ఏడ్చిందో" అని పెట్టేసింది.

నాలుగు నెలలు లావణ్య నా ముఖం చూడలేదు. మా ఉద్దానం జబ్బు తననీ వదల్లేదు. కిడ్నీలు పోయాయని తెలిశాక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తోడు కావాల్సి వచ్చి, కబురు పెట్టింది. వెళ్ళాను. మంచం పక్కన స్టూలు వేసుకుని నాలుగేసి గంటలు కూర్చునేదాన్ని. మందులు అడిగేది, నీళ్ళు అడిగేది, ఆటో మాట్లాడమనేది. ఆ రోజు మాట ఎత్తేది కాదు. ఒకసారి నేనే, "సంధ్యకు ఫోన్ చేసి నిజం చెబుతాను, ఆ ఘట్టం మార్చమంటాను" అన్నాను.

"ఒద్దు" అంది వెంటనే. "అన్నేళ్ళూ నాకు తోడున్నది అదే. దాన్నెందుకు తీసీమంటావు? నీకు మళ్ళీ కుళ్ళా?"

అవును, కుళ్ళే. ఇప్పటికీ.

చివరి నెలలో ఒకరోజు పక్క మంచం మీద ఉన్న ముసలావిడకు ఫోన్లో సినిమా చూపించింది. ఆ చోటు రాగానే బొమ్మ ఆపి, గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి మీద వేలు పెట్టి, "సూడండి, మా అక్క" అంది.

ముసలావిడ నావైపు తిరిగింది. "మరీవిడెవలమ్మా?"

లావణ్య ఫోన్లోంచి తల ఎత్తలేదు. "భవాని" అంది.